మడత గాలిచక్రాల బొంత: తరచుగా అడిగే ప్రశ్నలు

జాకెట్లు, పిల్లల గౌన్లు చకచకా కుట్టేసేవాళ్లు కూడా మడత గాలిచక్రం బ్లాకు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. బ్లాకు అంటే బొంత పైన వరసగా కలిపే ఒక్కో చదరపు భాగం. కుట్టు కష్టమని కాదు. ఈ పనిలో సగానికి పైగా మిషన్ దగ్గర కాకుండా ఇస్త్రీ బల్ల దగ్గరే జరుగుతుంది. ఆ సంగతి ముందే చెప్పేవాళ్లు తక్కువ. మడత సరిగ్గా పడితే కుట్టు దానంతట అదే కుదురుతుంది. మడత పక్కకు జరిగిపోతే మాత్రం ఎంత మంచి మిషన్ ఉన్నా చక్రం వంకరే. హనుమకొండలో నా దగ్గర నేర్చుకునేవాళ్లు, పరకాల, హుజూరాబాద్, జనగామ వైపు నుంచి ఫోన్ చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

మామూలు గాలిచక్రం బ్లాకుకీ, దీనికీ తేడా ఏమిటి?

మామూలు బ్లాకులో రెండు రంగుల త్రికోణాలను కలిపి చదరం చేసి, అలాంటి నాలుగు చదరాలను తిప్పి పెట్టి కుడతారు. అంతా చదునుగా ఉంటుంది. ఇందులో రెక్క వేరే గుడ్డ. దాన్ని మడిచి అడుగు చదరం మీద పెట్టి, రెండు వైపులు మాత్రమే కుట్టులో పట్టిస్తాం. మిగతా అంచులు వదులుగా ఉంటాయి, కింద వేలు పెడితే లోపలికి పోతుంది. జాతరలో పిల్లలకు కొనిచ్చే కాగితపు గాలిచక్రంలా రెక్కలు పైకి లేచి కనిపిస్తాయి. పక్క నుంచి వెలుతురు పడితే ప్రతి రెక్క కింద నీడ కూడా పడుతుంది.

ఏ బట్ట తీసుకోవాలి?

నూలు బట్ట కావాలి. సన్నగా ఉండాలి, నేత గట్టిగా ఉండాలి. రెక్కను మడిచాక మొన వైపు నాలుగు పొరలవుతుంది, కింద అడుగు చదరంతో కలిపి ఐదు. అందుకే దుప్పటి బట్ట, కర్టెన్ బట్ట, జీన్స్ బట్ట పనికిరావు. కేంబ్రిక్, పాప్లిన్, జాకెట్లకు వేసే లైనింగ్ కాటన్‌లో మంచి రకం బాగుంటాయి. లైనింగ్ కొనేటప్పుడు గుడ్డను వెలుతురుకు పట్టి చూడండి. అవతల పెట్టిన చెయ్యి స్పష్టంగా కనిపిస్తే ఆ గుడ్డ అడుగు చదరాలకు వద్దు, లోపల మడిచిన కుట్టు మార్జిన్ (కుట్టు గీతకు అవతల మిగిలే గుడ్డ) రంగు పైకి కనపడుతుంది.

మగ్గం బట్ట చాలా అందంగా ఉంటుంది కానీ, నేత వదులుగా ఉన్న రకాల్లో కత్తిరించిన అంచు నుంచి పోగులు ఊడుతూనే ఉంటాయి. గుడ్డ అంచున గోరుతో గీకి చూడండి. రెండు మూడు పోగులు తేలిగ్గా ఊడివస్తే దాన్ని ఈ పనికి పక్కన పెట్టండి.

ఇంట్లో బతుకమ్మ చీరలు చాలా ఉన్నాయి, వాటితో చేయొచ్చా?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం పంచిన ఆ చీరలు చాలావరకు సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి, ఎక్కువగా పాలిస్టర్‌వి. పాలిస్టర్‌కు ఇస్త్రీ మడత నిలవదు. నిలబెట్టాలని వేడి పెంచితే గుడ్డ ముడుచుకుపోతుంది. రెక్కలకు వద్దు. ఆ రంగులు వదులుకోలేకపోతే దిండు గలీబుకో, సంచికో చదును బ్లాకులుగా కుట్టుకోండి.

పాత నూలు చీరలు, దుప్పట్లు?

మన అమ్మమ్మలు, నానమ్మలు బొంత కుట్టిందే పాత చీరలతో, ధోవతులతో. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు ఒంటికి హాయిగా ఉంటుంది. కానీ రెక్కకు గుడ్డలో కొంచెం బిగువు ఉండాలి. అందుకే పాత చీరను బొంత వెనక వైపుకు, లేదా మధ్య పొరకు వాడండి. రెక్కలకు కొత్త గుడ్డ తీసుకోండి. అమ్మ చీర పైకి కనిపించాలని మనసుంటే పైట చెంగు దగ్గర గుడ్డ చూడండి, కుచ్చిళ్ల వైపు కన్నా అక్కడ అరుగుదల తక్కువ ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని ఐమూలగా గట్టిగా లాగండి. చిన్న చిటపట వినిపించినా దాన్ని రెక్కకు వాడొద్దు. జరీ అంచులు కత్తిరించి తీసేయండి, మడతలో జరీ గుచ్చుకుంటుంది.

వరంగల్ ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. ఆ మిల్లు బట్ట ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే అది అంతకన్నా పాతదే కదా. నా మాట వింటే దాన్ని కత్తెరకు ఇవ్వొద్దు. ముక్కలు చేయకుండా మొత్తంగా బొంత వెనక వైపు వేసుకోండి.

కత్తిరించే ముందు ఉతకాలా? గంజి పెట్టాలా?

రెండూ చేయాలి. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. అడుగు గుడ్డ ఒకలా, రెక్క గుడ్డ ఇంకోలా ముడుచుకుంటే కుట్టిన బ్లాకు ఉబ్బుతుంది. ఎరుపు, నీలం, మెరూన్ రంగులను విడివిడిగా నానబెట్టండి. తడి గుడ్డ మీద తెల్ల రుమాలు పెట్టి నొక్కితే రంగు అంటుతుందో లేదో తెలిసిపోతుంది. రంగు పోతూనే ఉంటే తెల్ల అడుగు పక్కన ఆ గుడ్డ పెట్టకండి.

ఇక గంజి. రెక్కకు ఐమూలగా పడే మడత గుడ్డ పోగుల వెంట ఉండదు. పడుగుకూ పేకకూ మధ్యన, టైలర్లు క్రాస్ అంటారే, అలా ఉంటుంది. క్రాస్‌లో ఏ గుడ్డయినా సాగుతుంది. గంజి పెట్టిన గుడ్డ సాగదు, పైగా మడత కాగితంలా పదునుగా పడుతుంది. అన్నం వార్చిన గంజిని వడకట్టి, ఒకటికి మూడు వంతుల నీళ్లు కలిపితే చాలు. చిక్కగా పెడితే ఇస్త్రీకి అతుక్కుని గోధుమ రంగు మరకలు పడతాయి. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. బొంత పూర్తయ్యాక గంజి పోయేలా ఒకసారి ఉతకడం మరవద్దు, గంజి ఉన్న గుడ్డను బీరువాలో పెడితే పురుగు చేరుతుంది.

కొలతలు ఎలా తీసుకోవాలి? ఎంత బట్ట పడుతుంది?

నేర్చుకునేవాళ్లకు 5 అంగుళాల చదరాలు అనువుగా ఉంటాయి. ఒక బ్లాకుకు అడుగు రంగువి 4, రెక్క రంగువి 4. కుట్టు మార్జిన్ పావు అంగుళం. అన్నీ కలిపి కుట్టాక బ్లాకు తొమ్మిదిన్నర అంగుళాలు వస్తుంది. బొంతలో కలిశాక 9 అంగుళాలు కనిపిస్తుంది. వేరే సైజు కావాలంటే లెక్క తేలికే: చదరం కొలతను రెట్టింపు చేసి ఒక అంగుళం తీసేయండి. 4 అంగుళాల చదరానికి 7 అంగుళాల బ్లాకు, 6 అంగుళాల చదరానికి 11. నాలుగు కన్నా చిన్న చదరాలు మొదట్లో వద్దు, మొనలు వేళ్లకు చిక్కవు.

44 అంగుళాల పన్నాలో ఒక వరసకు 8 చదరాలు వస్తాయి. పసిపిల్లల బొంతకు 16 బ్లాకులు, అంటే 36 అంగుళాల చదరం. దానికి ఒక్కో రంగుకు 64 చదరాలు కావాలి, 8 వరసలు, 40 అంగుళాల పొడవు. ఒకటింబావు మీటరు తీసుకుంటే ఉతుకులో ముడుచుకున్నా ఇబ్బంది ఉండదు. సింగిల్ మంచానికి అడ్డంగా 6, నిలువుగా 9, మొత్తం 54 బ్లాకులు. ఒక్కో రంగులో 216 చదరాలు, 27 వరసలు, 135 అంగుళాలు. నాలుగు మీటర్లు తీసుకోండి.

జాకెట్ ముక్కలతో చేసేవాళ్లకు: 80 సెంటీమీటర్ల పొడవు, 36 అంగుళాల పన్నా ఉన్న ముక్కలో 42 చదరాలు వస్తాయి. పది బ్లాకుల రెక్కలకు సరిపోతుంది.

మంచం బొంత మొత్తం మడత బ్లాకులే వేయాలా?

వద్దనే చెప్తాను. 54 బ్లాకులంటే 216 రెక్కలు. బరువు పెరుగుతుంది, ఆరడానికి ఎక్కువ సేపు పడుతుంది, మన ఎండలకు కప్పుకోలేం. ఒక మడత బ్లాకు, పక్కన ఒక ఖాళీ బ్లాకు, ఇలా చదరంగం పలకలా వేస్తే 27 చాలు. ఖాళీ బ్లాకును తొమ్మిదిన్నర అంగుళాలకు కత్తిరించండి. చూపుకు కూడా అదే బాగుంటుంది, చక్రాల చుట్టూ చోటు ఉంటేనే అవి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి.

రెక్క ఎలా మడవాలి?

ఇక్కడ తొందరపడకండి. రెక్క చదరాన్ని తిరగ వైపు లోపలికి వచ్చేలా సగానికి మడవండి. ఐదుకు రెండున్నర అంగుళాల పట్టీ వస్తుంది. ఇస్త్రీ చేయండి. దాన్ని బల్ల మీద అడ్డంగా పెట్టుకోండి. మడత అంచు మీకు దూరంగా, పై వైపు ఉండాలి. కత్తిరించిన అంచులు మీ వైపు ఉండాలి.

ఇప్పుడు ఎడమ చేతి పై మూలను పట్టుకుని కిందికి దించండి. ఆ మూల కింది అంచు మీద, సరిగ్గా మధ్యకు వచ్చి ఆగాలి. ఎడమ పక్కన నిలువుగా ఉన్న కత్తిరించిన అంచులు ఇప్పుడు కింది అంచుల మీద పడుకుంటాయి. అన్ని పొరలూ ఒక గీత మీద కలిస్తే మడత సరిగ్గా పడినట్టే. ఒక పోగు కూడా బయటికి రాకూడదు, లోపలికి పోకూడదు. ఎడమ కింది మూల నుంచి ఐమూలగా మడత లేస్తుంది, ఎడమ చివర సూదిగా ఒక మొన వస్తుంది.

ఇస్త్రీ పెట్టెను గుడ్డ మీద లాగొద్దు. పైనుంచి దించి, నొక్కి, ఎత్తాలి. లాగితే క్రాస్ మడత సాగి అలలా అవుతుంది, సాగింది మళ్లీ వెనక్కి రాదు. పావుగంట తర్వాత మడత కొంచెం లేచినట్టుంటే వేలితో రెండు చుక్కల నీళ్లు రాసి మళ్లీ నొక్కండి.

నాలుగు రెక్కలకూ ఎడమ మూలనే దించాలి. ఒక్కదానికి కుడి మూల దించినా ఆ రెక్క ఎదురు తిరుగుతుంది. అన్నీ ఒకే కూర్చోవడంలో మడిచేయడం మేలు, మధ్యలో లేస్తే చెయ్యి మారిపోతుంది.

అడుగు చదరం మీద ఎటు పెట్టాలి?

అడుగు చదరాన్ని మంచి వైపు పైకి పెట్టండి. మీరు మడిచిన రెక్కను పుస్తకం పేజీలా పక్కకు తిప్పేయండి, దించిన మూల లోపలికి పోయి పైన నున్నగా కనిపించాలి. ఇలా తిప్పితే మొన కుడి వైపుకు వస్తుంది, కత్తిరించిన అంచులు మీ వైపే ఉంటాయి. అలాగే చదరం మీద పెట్టండి. అప్పుడు రెక్క పొడవాటి అంచు చదరం కింది అంచు మీద, మొన కుడి కింది మూలలో, పొట్టి అంచు ఎడమ అంచు మీద ఉంటాయో లేదో చూసుకోండి. మొన ఎడమకు పోతే రెక్క తిరగబడినట్టు.

కింది వైపు, ఎడమ వైపు అంచుకు బాగా దగ్గరగా, పావు అంగుళంలో సగం దూరంలో, కచ్చా కుట్టు వేయండి. గుండుసూదులతో సరిపెట్టుకుందామని చూస్తారు కానీ, ఐదు పొరల్లో గుండుసూది గుచ్చితే పొరలు జరుగుతాయి.

నాలుగు చదరాలు ఎలా కలపాలి?

మొనలున్న మూలలన్నీ మధ్యలో కలిసేలా ఒక్కో చదరాన్ని పావు చుట్టు తిప్పుతూ బల్ల మీద పరచండి. ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి, మిషన్ దగ్గర అదే చూసి కుట్టొచ్చు. పై రెండు ఒక జత, కింది రెండు ఒక జత. తర్వాత రెండు జతలు కలపాలి.

పరచినప్పుడు ఒకటి గమనించండి. ప్రతి కుట్టులోనూ ఒక పక్క రెక్క ఉంటుంది, ఇంకో పక్క ఖాళీ చదరం అంచు ఉంటుంది. కుట్టు మార్జిన్‌ను ఎప్పుడూ ఖాళీ చదరం వైపుకే ఇస్త్రీ చేయండి. అలా చేస్తే పై జత మార్జిన్ ఒకవైపుకు, కింది జతది రెండో వైపుకు వాటంతట అవే వెళ్తాయి. జతలు కలిపేటప్పుడు మధ్యలో రెండు గట్లు ఒకదాని పక్కన ఒకటి ఒదిగిపోతాయి, మధ్య బిందువు తప్పదు.

పావు అంగుళం మార్జిన్ మాత్రం అన్ని కుట్లలోనూ ఒకేలా ఉండాలి. మొన అడుగు చదరం మూల నుంచి ఐమూలగా లేస్తుంది కాబట్టి, అన్ని కుట్లలో మార్జిన్ సమానంగా ఉంటేనే అది సరిగ్గా మధ్యలో తేలుతుంది. ఒక కుట్టులో ఎక్కువ, ఇంకో కుట్టులో తక్కువ అయితే మొన తెగిపోవడమో, మధ్యలో ఖాళీ చుక్క కనిపించడమో జరుగుతుంది. సూది నుంచి టేపుతో కొలిచి, మిషన్ ప్లేటు మీద పావు అంగుళం దగ్గర ఒక టేపు ముక్క అతికించుకోండి. ఫుట్ అంచును నమ్ముకోవద్దు, ఒక్కో మిషన్‌కు ఒక్కోలా ఉంటుంది.

మధ్యలో ముద్దగా వస్తోంది, ఏం చేయాలి?

ఒక్కో చదరం మూలన ఐదు పొరలు. నాలుగు మూలలు కలిస్తే ఇరవై. కాబట్టి కొంత ఎత్తు ఉండటం సహజమే, దాని గురించి టెన్షన్ వద్దు. తగ్గించడానికి ఒక పని చేయొచ్చు. జతలు కలిపాక బ్లాకును తిరగేయండి. మధ్యలో, అడ్డం కుట్టుకు పైనా కిందా మార్జిన్‌లో మాత్రమే ఉన్న పాత నిలువు కుట్లను రెండు మూడు విప్పండి. అప్పుడు మార్జిన్లు నాలుగూ ఒకే దిక్కుకు చుట్టూ తిరిగినట్టు పడుకుంటాయి, మధ్యలో చిన్న చదరం విచ్చుకుంటుంది. దాని మీద తడి గుడ్డ వేసి గట్టిగా నొక్కండి. కత్తెరతో మొనలు కత్తిరించి పలచన చేయమని కొందరు చెప్తారు. నేను చెప్పను. ఉతికేకొద్దీ కుట్టు అక్కడే వీడుతుంది.

కాలు మిషన్ మీద వస్తుందా?

చక్కగా వస్తుంది. సాదా కుట్టు తప్ప ఇంకేం అక్కర్లేదు. మామూలు కుట్టుకు 14 నంబర్ సూది, మధ్య దాటే కుట్టుకు 16 వేయండి. మధ్యకు వచ్చాక కాలు ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ నాలుగైదు కుట్లు దాటించండి. మోటార్ పెట్టిన మిషన్ అయినా అంతే. అక్కడ వేగంగా పోతే సూది వంగుతుంది, విరిగితే ముక్క కంటి వైపు ఎగరొచ్చు.

మిషన్ లేకుండా చేత్తో?

కుట్టొచ్చు. మడతకు మిషన్‌తో పనే లేదు కదా. పెన్సిల్‌తో పావు అంగుళం గీత గీసుకుని దాని మీద చిన్న చిన్న కుట్లు వేయండి. ప్రతి నాలుగు కుట్లకు ఒక వెనక కుట్టు వేసుకోండి.

ఇంకా తేలిక రకం ఉందా?

ఉంది. రెక్క చదరాన్ని ఐమూలగా ఒక్కసారే మడిచి త్రికోణం చేసి, అడుగు చదరం మూలకు రెండు కత్తిరించిన అంచులు కలిపి పెట్టండి. రెండు పొరలే, మధ్యలో ముద్ద కూడా తక్కువ. ఆ ఐమూల అంచును కొంచెం వెనక్కి చుట్టి చేత్తో కుడితే పూరేకులా వంపు తిరుగుతుంది. పిల్లలకు మొదట నేర్పించడానికి ఇది మంచిది. కాకపోతే రెక్క లేచి నిలబడదు, నాకు మొదటి రకమే ఇష్టం.

చదరాన్ని రెండుసార్లు మడిచి త్రికోణం చేసే పద్ధతి కూడా ఉంది, ప్రెయిరీ పాయింట్ అంటారు. అందులో మొత్తం నాలుగు పొరలే. బొంత అంచున వరసగా పెట్టడానికి అది బాగుంటుంది.

రంగులు ఎలా ఎంచుకోవాలి?

రంగు కన్నా ముందు ముదురు, లేత చూడండి. రెండు గుడ్డలు పక్కపక్కన పెట్టి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే చక్రం కనిపించదు. మనకు బతుకమ్మ కళ్ల ముందే ఉంటుంది: తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి నారింజ, కట్ల పువ్వు నీలం. తెల్లటి అడుగు మీద మిగతా మూడు రంగుల రెక్కలు వేస్తే ఇంకేం వెతకక్కర్లేదు. పెద్ద పూల ప్రింట్లు రెక్కలకు వద్దు, మడిచాక పువ్వు ఎక్కడుందో తెలియదు.

మధ్య పొరగా పాత జంపఖానా వేయొచ్చా?

కొత్తవాడ జంపఖానా నేలకు నేసింది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ బొంత లోపల అది బరువు, తడిస్తే ఇంకా బరువు, సూది దిగదు. మన వాతావరణానికి మధ్యలో ఒక పాత ధోవతి గుడ్డో, పలచటి ఫ్లానెల్ గుడ్డో చాలు. జంపఖానా పరిచి దాని మీద ఈ బొంత కప్పుకోండి, రెండూ కలిసి ఎంత బాగుంటాయో.

మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు రెక్కలు అడ్డొస్తాయి కదా?

రెక్క మీదుగా కుట్టు పోనివ్వొద్దు, పోతే చక్రం చదునైపోతుంది. రెక్కను వేలితో ఎత్తి పట్టుకుని కింద అడుగు చదరం మీద చేత్తో టాకాలు వేయండి. మిషన్ మీదైతే బ్లాకుల మధ్య అతుకు గీతల్లోనే కుట్టండి. ఫుట్ రెక్క కిందికి దూరకుండా ముందే రెక్కలను కచ్చా కుట్టుతో పడుకోబెట్టి, చివర్లో ఆ దారం లాగేయండి.

పసిపిల్లలకు ఇవ్వొచ్చా?

ఇస్తే చక్రం మధ్యలో గుండీలు, పూసలు పెట్టకండి, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. రెక్కల పై అంచు మధ్యన ఒక్కో టాకా వేస్తే వేళ్లు ఇరుక్కోవు. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు పక్కలో బొంత ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెప్తారు. మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి ఆడించండి.

ఎలా ఉతకాలి?

బండ మీద బాదొద్దు, పిండొద్దు. చల్లటి నీళ్లలో నానబెట్టి, చేత్తో నొక్కి ఉతకండి. వాషింగ్ మిషన్‌లో వేయాలంటే నెట్ బ్యాగులో పెట్టి నెమ్మది సైకిల్‌లో. తాడు మీద వేలాడదీస్తే తడి బరువుకు కుట్లు సాగుతాయి. మంచం మీదో, చాప మీదో తిరగేసి నీడన ఆరబెట్టండి. కొంచెం తడి ఉండగా తిప్పి, ఒక్కో రెక్కను వేలితో సర్దండి, ఆరాక అలాగే నిలుస్తుంది. ఎక్కడైనా రెక్క కుట్టులోంచి ఊడితే ఆ పావు అంగుళం కుట్టు మాత్రమే విప్పి, రెక్కను లోపలికి తోసి, వెనక కుట్టుతో మూసేయండి. అందుకోసం మొదటి రోజే అదే రంగు దారం ఒక బాబిన్ నిండా చుట్టి పక్కన పెట్టుకోండి.